శ్రీకాకుళం నుంచి విజయనగరానికి ఒక పాత పూల్ టేబుల్: బేరం ఎక్కడ చెడింది, ఎక్కడ కుదిరింది

నేను పూల్, స్నూకర్ టేబుళ్లు, అంటే కర్రతో బంతులు కొట్టి రంధ్రాల్లో వేసే ఆటల బల్లలు, బిగించే మేస్త్రీని. ఉండేది విజయనగరం. క్లాత్ మార్చడం, కుషన్లకి, అంటే బంతి తగిలి వెనక్కి వచ్చే అంచులకి, రబ్బర్లు వెయ్యడం, ఒక చోట విప్పిన టేబుల్‌ని ఇంకో చోట నిలబెట్టడం నా పని. ఈ మధ్య పాత టేబుల్ కొనేవాళ్లు "ఓసారొచ్చి చూసి, ఎంతకి కొనొచ్చో చెప్పన్నా" అని వెంట తీసుకెళ్తున్నారు. అలా వెళ్లిన ఒక కేసు ఇది. బేరం చివరికి కుదిరింది గాని, మధ్యలో నా చేతుల మీదుగానే ఒకసారి చెడింది. ఇంకోసారి చెడబోయింది. రాయడానికి కారణం అదే. మనుషుల పేర్లు, వీధుల పేర్లు చెప్పను. డబ్బు అంకెలు దగ్గరి అయిదు వందలకి సవరించాను.

నేపథ్యం

కొనేవాడు విజయనగరం కుర్రాడు, ముప్పై దాటలేదు. గల్ఫ్‌లో కొన్నేళ్లు పనిచేసి వచ్చి, ఊళ్లో మొదటి అంతస్తులో ఒక హాలు అద్దెకి తీసుకున్నాడు. టీ, నూడుల్స్, రెండు క్యారమ్ బోర్డులు, ఒక పూల్ టేబుల్, ఇదీ అతని లెక్క. అమ్మే ఆయన యాభై దాటిన మనిషి. శ్రీకాకుళం టౌన్‌లో ఏడేళ్లు పూల్ పార్లర్ నడిపాడు. కరోనా తర్వాత గిరాకీ మళ్లీ పుంజుకోలేదు. హాలు యజమాని ఖాళీ చెయ్యమన్నాడు. ఉన్న రెండు టేబుళ్లూ అమ్మకానికి పెట్టాడు.

టేబుల్ చూడకముందే కుర్రాడి హాలు కొలిచాను. చాలామంది ఈ పని ఆఖరున చేస్తారు. ఎనిమిది అడుగుల టేబుల్‌లో ఆడే జాగా, అంటే కుషన్ ముక్కు నుంచి కుషన్ ముక్కుకి, 88కి 44 అంగుళాలు. మామూలు క్యూ, అంటే ఆడే కర్ర, 58 అంగుళాలు. బంతి ఏ అంచున ఆగినా క్యూ వెనక్కి లాగడానికి చోటుండాలి కాబట్టి రెండు వైపులా కలిపి 116 అంగుళాలు వేసుకోవాలి. అంటే గది 17 అడుగుల పొడవు, 13 అడుగుల 4 అంగుళాల వెడల్పు ఉండాలి. అతని హాలు 20కి 14. సరిపోయింది. పన్నెండు అడుగుల వెడల్పే ఉంటే ఎంత మంచి టేబుల్ అయినా గోడ పక్కన పొట్టి క్యూతో ఆడాల్సిందే. అలాంటి హాలు ఉన్నవాడికి ఆ టేబుల్ విలువ అక్కడే సగం పోతుంది.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి, కుర్రాడికీ చెప్పాను. చూసి చెప్పినందుకు నాకిచ్చేది 1,500 రూపాయలు. బేరం కుదిరితే విప్పి బిగించే పని కూడా నాదే, అది 14 వేలు. కాబట్టి "కొను" అని చెప్పడంలో నాకు లాభముంది. ఈ ముక్క దాచి సలహా చెప్పేవాడి మాట మీరైనా నమ్మకండి.

చిక్కు ఏమిటంటే

పెద్దాయన ఒక్కో టేబుల్‌కి లక్షా నలభై వేలు చెప్పాడు. నన్ను పిలవకముందే కుర్రాడు ఫోన్ చేసి, "ఆన్‌లైన్‌లో 50 వేలకే ఉన్నాయండి, మీకూ అంతే ఇస్తాను" అన్నాడట. అవతల ఫోన్ పెట్టేశారు.

కుర్రాడు చూసిన ప్రకటన నాకు చూపించాడు. హైదరాబాదులో ఎవరిదో ఇంట్లో వాడిన ఏడడుగుల టేబుల్. క్లాత్ కింద ఉన్నది మంచి టేబుళ్లకి వేసే రాతి పలక కాదు, చెక్కపొడి బోర్డు. దాన్ని అక్కడ విప్పి ఇక్కడికి తెచ్చే ఖర్చు ఆ 50 వేలలో లేదు. కుర్రాడికి రెండూ పూల్ టేబుళ్లే. పెద్దాయన చెవికి మాత్రం అది "నీ సరుకూ ఆ చెత్తా ఒకటే" అన్నట్టు వినిపించింది. తక్కువ అడగడంలో తప్పు లేదు. ఎందుకు తక్కువో చెప్పకుండా అడిగితే ఎదుటివాడికి మాట్లాడటానికి ఏమీ మిగలదు, ఒప్పుకోవాలి లేదా ఫోన్ పెట్టేయాలి.

అలాగని పెద్దాయన లక్షా నలభైకి లెక్కుందా అంటే, అదీ లేదు. ఏడేళ్ల కిందట రెండు టేబుళ్లు, లైట్లు, క్యూలు అన్నీ కలిపి 3,60,000 పెట్టాడు. అందులోంచి మనసుకి తోచినంత తగ్గించుకున్నాడు. ఒకరిది వేరే ఊరి అంకె, ఇంకొకరిది ఏడేళ్ల కిందటి అంకె.

మొదటిసారి వెళ్లినప్పుడు

ఆదివారం ఉదయం ఇద్దరం బండి మీద బయల్దేరాం. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర టిఫిన్ చేసి వెళ్లేసరికి పెద్దాయన హాలు తుడిపించి, టేబుల్ మీద లైటు వేసి ఉంచాడు. ఇంకా అలవాటు పోని కుర్రాళ్లు నలుగురు ఆడుతున్నారు.

నేను నా ధోరణిలో పని మొదలుపెట్టాను. రసమట్టం పెట్టి చూశాను, ఒక మూల కొంచెం దిగి ఉంది. తెల్ల బంతిని నిదానంగా పొడుగునా దొర్లించాను, కింది రాతి పలకల రెండో అతుకు దగ్గర చిన్నగా ఎగిరింది. గట్టిగా కొట్టి కుషన్లు చూశాను. మంచి రబ్బరైతే బంతి నాలుగు పొడుగులు తిరగాలి, ఇక్కడ మూడు దాటడం కష్టమైంది, ఒక వైపు కుషన్ దగ్గర "ధబ్" మని చచ్చిన చప్పుడు. సముద్రపు గాలి తగిలే మన ప్రాంతంలో రబ్బరు గట్టిపడటం మామూలే. క్లాత్ బ్రేక్, అంటే ఆటలో మొదటి దెబ్బ, కొట్టే చోట అరిగి మెరుస్తోంది. ఇవన్నీ ఒక్కొక్కటే పైకి చదువుతూ పోయాను. ప్రతి లోపానికీ కుర్రాడు "అయితే ఇంకో అయిదు తగ్గాలి" అంటున్నాడు.

పెద్దాయన కాసేపు విన్నాడు. తర్వాత నెమ్మదిగానే అన్నాడు: "ఏటి మేస్త్రీ గారూ, పెళ్ళిసూపులకొచ్చి, సంతలో ఎద్దుకి సూసినట్టు పళ్ళు సూత్తన్నారేటి? ఏడేళ్లు మా ఇంట్లో పొయ్యి ఎలిగింది దీనిమీదే. మీకు నచ్చకపోతే ఎల్లిపోండి బావు."

ఆడుతున్న కుర్రాళ్లు క్యూలు దించి మా వైపు చూస్తున్నారు. ఇక అక్కడ ఎంత చెప్పినా ఆయన తగ్గడు, తగ్గితే వాళ్ల ముందు తగ్గినట్టు. నేను చెప్పిన లోపాలు ఒక్కటీ అబద్ధం కాదు. నలుగురి ముందు చెప్పాను, పైగా లోపం పక్కనే రేటు చెప్పనిచ్చాను. తర్వాత ఆలోచిస్తే ఇంకోటి కూడా తట్టింది. లోపాల జాబితాకి హద్దు ఉండదు. పదో లోపం చెప్పేసరికి టేబుల్ ధర సున్నాకి దిగాలి, కాని అది సున్నా ఖరీదు వస్తువు కాదని అందరికీ తెలుసు. అందుకే జాబితా పొడుగయ్యేకొద్దీ నమ్మకం తగ్గింది.

వెళ్లిపోయాం. దారిలో కుర్రాడు మాట్లాడలేదు.

వెనక్కి వచ్చాక ఏం ఆలోచించానంటే

లోపాలు పక్కన పెట్టి మరో వైపు నుంచి లెక్క వేద్దామనుకున్నాను. ఇదే కొలత, రాతి పలకతో ఉన్న కొత్త టేబుల్ విజయనగరం హాల్లో బిగించి ఇవ్వడానికి ఎంత? తెలిసిన డీలర్‌కి ఫోన్ చేస్తే 1,60,000 చెప్పాడు. కుర్రాడిని అడిగాను: "పాతది, రేపే ఆడేలా తయారై నీ హాల్లో నిలబడితే ఎంత వరకు పెడతావు?" కాస్త ఆలోచించి, "తేడా యాభై వేలు లేకపోతే కొత్తదే తీసుకుంటానన్నా, గ్యారంటీ అన్నా ఉంటుంది" అన్నాడు. అంటే ఆడే స్థితిలో ఉన్న పాత టేబుల్‌కి అతని పైహద్దు 1,10,000.

ఇక మిగిలింది, శ్రీకాకుళం హాల్లో ఉన్న స్థితి నుంచి ఆ స్థితికి రావడానికి అయ్యే ఖర్చు. విప్పి బిగించడం 14 వేలు. కొత్త క్లాత్ 11 వేలు. ఆరు కుషన్లకీ రబ్బరు 12 వేలు. బండి, కలాసీలు 9 వేలు. బంతుల సెట్టు 5 వేలు. మొత్తం 51 వేలు. తీసేస్తే 59 వేలు.

కలాసీల ఖర్చు చూసి కుర్రాడు నోరెళ్లబెట్టాడు. అంగుళం మందం రాయి ఎనిమిదడుగుల టేబుల్‌కి రెండు వందల కిలోలు దాటుతుంది. మూడు ముక్కలుగా ఉంటుంది కాబట్టి ఒక్కోటి డెబ్భై, ఎనభై కిలోలు. దాన్ని పడుకోబెట్టి మొయ్యకూడదు, నిలువుగా పట్టి మెట్లు ఎక్కించాలి. మలుపు దగ్గర ఒకడి చెయ్యి జారితే 9 వేలు మిగుల్చుకున్న సంతోషం అక్కడితో సరి.

ఈ పద్ధతిలో నాకు నచ్చింది ఏమిటంటే, ఎక్కడా టేబుల్‌ని తిట్టక్కర్లేదు. "మీ కుషన్లు చచ్చిపోయాయి" అనే బదులు "అక్కడ రబ్బర్లు వేయించుకోవాలి, 12 వేలు" అని రాస్తాం. విషయం ఒకటే, తగిలేది వేరు.

ఒక్క ప్రశ్నకి మాత్రం ఆ కాగితం మీద జవాబు లేదు. కింద ఉన్నది ఏ రాయి? పెద్దాయన "ఇటాలియన్ స్లేట్" అన్నాడు. స్లేటంటే వేరే ఏమీ కాదు, చిన్నప్పుడు మనం దిద్దిన మార్కాపురం పలక ఉంది కదా, ఆ జాతి రాయే. ఇటలీలో లిగూరియా వైపు దొరికే స్లేటుకి ఆటలో మంచి పేరుంది. కాని మన దగ్గర కొన్ని టేబుళ్లలో స్లేటు బదులు మార్బుల్ వేసి అదే పేరుతో అమ్ముతారు. మార్బుల్ మీద ఆడలేమని కాదు, దాని ధర వేరు. రాయి తేలకుండా 59 వేలు ఎక్కువో తక్కువో నేను చెప్పలేను.

ఈలోగా ఇంకో విషయం చెవిన పడింది. పెద్దాయన నెలాఖరుకి హాలు ఖాళీ చెయ్యాలి, లేకపోతే మరో నెల అద్దె 18 వేలు కట్టాలి. విశాఖపట్నం నుంచి పాత సామాను వ్యాపారి ఒకడు రెండూ కలిపి లక్షకి అడిగి వెళ్లాడు. కుర్రాడు వెంటనే, "అయితే ఇరవై ఎనిమిదో తారీకు దాకా ఆగుదాం అన్నా, ఆయనే దిగొస్తాడు" అన్నాడు.

ఆ సలహా నేను ఇవ్వలేదు. రెండు కారణాలు. ఒకటి, వ్యాపారి మనకంటే ముందున్నాడు. ఆగితే టేబుల్ మనకి కాకుండా అతనికి పోవచ్చు. రెండోది నా స్వార్థం: ఈ రెండు జిల్లాల్లో టేబుళ్లున్న వాళ్లందరూ నాకు తెలుసు, వాళ్లకీ నేను తెలుసు. ఇల్లు కాలుతుంటే బొగ్గులేరుకున్న మేస్త్రీ అనిపించుకుని తర్వాత ఎవరి గుమ్మం తొక్కను? అయితే వ్యాపారి అడిగిన రేటు నాకు పనికొచ్చింది. ఒక్కో టేబుల్‌కి 50 వేలు. అంతకంటే తక్కువకి మనకివ్వడు, ఇవ్వాల్సిన అవసరమూ లేదు. కాబట్టి అప్పటికున్న లెక్క ప్రకారం సరైన ధర 50కీ 59కీ మధ్య ఎక్కడో ఉండాలి.

రెండోసారి

ఈసారి మధ్యాహ్నం మూడింటికి, ఆడేవాళ్లు లేని వేళ చూసుకుని వెళ్లాం. కుర్రాడికి ఒకే మాట చెప్పాను: నేను అడిగేదాకా అంకె చెప్పొద్దు.

ముందు పెద్దాయనకి మొన్న అలా మాట్లాడినందుకు తప్పయిందన్నాను. ఆయన ఏమీ అనలేదు, కుర్చీ జరిపాడు. తెల్ల కాగితం మీద లెక్కంతా రాసి ఆయన ముందు పెట్టి, "బాబాయ్, ఏడేళ్లు నడిపినోరు మీరు. ఇందులో నేను ఎక్కువేసింది ఏదైనా ఉంటే కొట్టెయ్యండి" అని పెన్ను ఇచ్చాను.

ఇది ఎత్తుగడ అనుకునేవాళ్లు అనుకోవచ్చు. నిజంగానే నాకు తెలియని సంగతులు ఆయనకి తెలుసు. కళ్లజోడు పెట్టుకుని వరసగా చదివాడు. క్లాత్ దగ్గర ఆగి, లోపలికెళ్లి బీరువాలోంచి విప్పని క్లాత్ చుట్ట తెచ్చాడు. పార్లర్ మూస్తానని తెలియక ముందు కొన్నదట. విప్పి చూశాను, పురుగు తినలేదు, మడత దగ్గర చిరగలేదు. 11 వేలు కొట్టేశాడు. బంతులు కూడా, రోజూ ఆడించే సెట్టు కాకుండా పోటీలు పెట్టినప్పుడు తీసే సెట్టు పెట్టెలో ఉంది. తెల్ల బంతి కొలిచాను, 57 మిల్లీమీటర్లు నిండుగా ఉంది. 5 వేలు కొట్టేశాడు. రబ్బరు దగ్గర పెన్ను కాసేపు ఆడించి, ఏమీ అనకుండా కింది వరసకి పోయాడు. మొన్న ఆ మాటకే కదా మమ్మల్ని వెళ్లిపొమ్మన్నది!

51 వేల ఖర్చు 35కి దిగింది. ధర 75 వేలు అయింది. ఆయన చేత్తో ఆయనే వేసిన అంకె. "అయితే డెబ్బై అయిదా?" అని తనలో తను అనుకున్నాడు. లక్షా నలభై మాట మళ్లీ ఎత్తలేదు.

అప్పుడు రాయి సంగతి తీశాను. పాకెట్ రంధ్రంలోంచి వేలు పెట్టి చూస్తే రాయి అంచు తగిలింది. మందం కొలిస్తే 25 మిల్లీమీటర్లు, అంతర్జాతీయ పోటీల టేబుళ్లకి కనీసం ఉండాలనే అంగుళానికి ఇంచుమించు అంచున ఉంది. టేబుల్ కింద దూరి స్క్రూడ్రైవర్‌తో గీస్తే బూడిద రంగు గీత పడింది, పలక మీద బలపం గీసినట్టు. నాకది చాలు. కాని కుర్రాడికి, ఆ మాటకొస్తే పెద్దాయనకీ కళ్లకి కనిపించాలి. "నిమ్మకాయ ఉందా బాబాయ్?" అన్నాను.

పక్క సోడా కొట్టుకి ఆయనే వెళ్లి తెచ్చాడు. ముందు గుమ్మం దగ్గరి మార్బుల్ ముక్క అంచుని గీకి, ఆ పొడి మీద రసం పిండాను. సన్నగా బుడగలొచ్చాయి. మార్బుల్‌లో ఉండేది సున్నం జాతే, పులుపు తగిలితే పొంగుతుంది. తర్వాత టేబుల్ కింద గీకిన చోట పిండాను. ఏమీ లేదు, తడిసి నల్లబడిందంతే. పెద్దాయన వంగి టార్చిలైట్ వేసి రెండుసార్లు చూసుకున్నాడు. ఏడేళ్లుగా ఆయనకీ లోపల ఓ అనుమానం ఉన్నట్టుంది.

ఇటలీదా కాదా అన్నది నేను తేల్చలేదు. ఆ పేరుకి పైసా ఎక్కువ వెయ్యలేదు, ఆయనా అడగలేదు.

రాయి స్లేటే గాని, క్లాత్ కింద పగులు ఉందో లేదో విప్పితే తప్ప తెలియదు. అందుకని కాగితం కింద రెండు ధరలు రాశాం. పలకలు మూడూ బాగుంటే 75 వేలు. ఆడే జాగాలో పగులుంటే 52 వేలు, అంటే వ్యాపారి రేటుకి కాస్త పైన. ఇద్దరూ సంతకం చేశారు. 10 వేలు అడ్వాన్సు. తెలియని దాని బరువు ఒక్కడి నెత్తినే పెడితే కొనేవాడు భయంతో తక్కువ అడుగుతాడు, అమ్మేవాడు కోపంతో ఎక్కువ చెప్తాడు. రెండు ధరలు రాయడం దానికే.

విప్పిన రోజు

మూడు పలకలూ శుభ్రంగా ఉన్నాయి. ఊపిరి పీల్చుకునేలోపు మూడో పలక కింద మూల చెక్క చేతికి మెత్తగా తగిలింది. పలక అడుగున చుట్టూ చెక్క పట్టీ ఉంటుంది, క్లాత్‌ని లాగి స్టేపుల్ కొట్టేది దానికే. ఆ మూల పట్టీ ఉబ్బి పొరలు పొరలుగా లేచింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన రాత్రి ఈ హాలు కిటికీ ఊడిపోయి నీళ్లొచ్చాయట. పైన క్లాత్ మార్చారు గాని కింద ఎవరూ చూడలేదు. మొదటి రోజు రసమట్టంలో మూల దిగినట్టు కనిపించింది దీనివల్లే. నేను కాళ్ల దగ్గర సర్దుబాటు లోపం అనుకుని వదిలేశాను. బంతులు వెనక్కి దొర్లి వచ్చే తొట్టె అడ్డముండటంతో కింద దూరినప్పుడూ కనపడలేదు.

కాగితంలో ఉన్నది రాయి గురించి మాత్రమే. పెద్దాయన "పలక పగల్లేదు కదా, డెబ్బై అయిదే" అన్నాడు. కుర్రాడు "పాడయింది పాడయినట్టే, యాభై రెండు" అన్నాడు. కలాసీలు గుమ్మంలో బీడీలు కాలుస్తూ చూస్తున్నారు. రాసింది నేను కాబట్టి ఇద్దరి కోపం నా మీదికే తిరిగింది, న్యాయంగానే.

రాతలో లేనిదానికి రాత అర్థం చెప్పడం మానేసి, మళ్లీ పాత ప్రశ్నకే వెళ్లాను: దీన్ని ఆడే స్థితికి తేవాలంటే ఎంత? వడ్రంగి, చెక్క, ఒక రోజు కూలి, అంతా 4,500. సగం సగం అనలేదు, కాగితంలో రాయని తప్పు నాది కూడా కాబట్టి. 3,000 పెద్దాయన తగ్గించాడు, 1,500 నా కూలిలోంచి నేను వదులుకున్నాను. ఆ రోజు చూడ్డానికి తీసుకున్న 1,500 అలా పోయింది. టేబుల్ 72 వేలకి బండెక్కింది. విజయనగరం మెట్ల మలుపులో రెండు గంటలు పట్టింది గాని, ఏదీ పగల్లేదు.

తర్వాత మార్చుకున్నవి

ఇప్పుడు నా కాగితంలో "రాయి" అన్న చోట "రాయి, దాని కింద చెక్క, ఫ్రేము" అని ఉంటుంది. దాని కింద ఒక వాక్యం: ఇక్కడ రాయనిది ఏదైనా బయటపడితే, బాగుచేసే ఖర్చు మాత్రమే లెక్క, మొత్తం ధర తిరగరాయం. రసమట్టం తేడా చూపిస్తే కాళ్లు సర్ది మళ్లీ చూస్తున్నాను. సర్దినా పోకపోతే తొట్టె విప్పమంటున్నాను, అమ్మేవాళ్లు విసుక్కున్నా సరే. లోపాలు నలుగురిలో చదవడం మానేశాను. కొనేవాడి పైహద్దు మాత్రం టేబుల్ చూడకముందే రాయించుకుంటున్నాను. చూశాక అడిగితే లైటు కింద పచ్చ క్లాత్ మెరుపు ఆ అంకెని మార్చేస్తుంది.

కుర్రాడు కొన్నాళ్లు 75కీ 72కీ మధ్య తేడా గురించి కాదు, 72కీ 50కీ మధ్య తేడా గురించి బాధపడ్డాడు. "నెలాఖరు దాకా ఆగుంటే" అని ఒకటి రెండుసార్లు నాతోనే అన్నాడు. నేను వాదించలేదు.

నెలాఖరున విశాఖ వ్యాపారి వచ్చి, మిగిలిన రెండో టేబుల్‌ని 42 వేలకి పట్టుకుపోయాడు. కింద ఉన్నది మార్బులేనని చెప్పి తగ్గించాడట. రెండు రోజుల తర్వాత పెద్దాయన ఫోన్ చేశాడు. "మేస్త్రీ గారూ, ఆ రోజు మీ సేతిలో సగం నిమ్మకాయ మిగిలే ఉంది కదా. రెండో దాని కింద కూడా ఓ సుక్క పిండుంటే ఏటైపోను?"

ఆ టేబుల్ చూడ్డానికి నన్నెవరూ పిలవలేదు కదా బాబాయ్ అన్నాను. ఆయన కాసేపు ఊరుకుని, విజయనగరంలో టేబుల్ బాగా ఆడుతోందా అని అడిగాడు. ఆడుతోందన్నాను.